కూర్మారావు మేష్టారి మూడో పాఠం

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న హైస్కూలు ఉండేది. అడవి ఎంత పెద్దదని నన్నడక్కండి. నేను ఆ స్కూలు గోడ మీద బల్లిని. నాకు తెలిసిన లోకమంతా నాలుగు గోడలు, ఒక బోర్డు, ఒక కిటికీ. ఆ గోడ మీదే కూచుని తొమ్మిదో తరగతి పదకొండేళ్ళు విన్నాను. ఇంతవరకూ పాసవలేదు, అది వేరే సంగతి.

స్కూలు సరిగ్గా వాగు ఒడ్డున కట్టారు. వాగు ఒడ్డున బడేమిటి అని మీకు అనుమానం రావచ్చు. ఎవరికీ పనికిరాని స్థలం బడికి ఇచ్చెయ్యడం మీ ఊళ్ళల్లో ఎలాగో, మా అడవిలోనూ అలాగే. వాగు వైపు ఒక కిటికీ పెట్టారు. అది గాలి కోసమని పెద్దలు అనుకునేవారు. పిల్లలు మాత్రం అది తమ కోసమే అనుకునేవారు.

తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పేది తాబేలు కూర్మారావు మేష్టారు. మంచివాడు, బాగా చదువుకున్నవాడు. ఒక్కటే చిక్కు. పాఠం మొదలెట్టగానే తల డిప్పలోకి లాగేసుకునేవాడు. సిగ్గో భయమో తెలీదు గానీ, ముప్ఫై ఏళ్ళుగా ఆయన పాఠాలన్నీ డిప్పలోంచే వచ్చేవి. లోపల ఆయనకి బాగానే వినబడేదనుకుంటా. బయటికొచ్చేసరికి ఎవరో బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుండేది.

ఇక పిల్లలంటారా, అది కొమ్ములు మొలిచే వయసు. దుప్పి పిల్లలకి నుదురు దురద, పందిపిల్లలకి కోరల మీద ధ్యాస. ఎవడి ఒళ్ళు వాడికే కొత్తగా ఉంటే కప్ప గుండె గురించి ఎవడిక్కావాలి? పాఠం పది నిమిషాలు దాటేసరికి సగం క్లాసు నిద్రలో, మిగతా సగం కిటికీలో ఉండేది.

వాళ్ళల్లో ముగ్గురి గురించి చెప్పాలి. ముందు బెంచీలో కుందేలు హైమావతి. ఇంతింత కళ్ళు విప్పార్చుకుని బోర్డు వైపే చూస్తూ హాయిగా నిద్రపోయేది. కుందేళ్ళు కళ్ళు మూయకుండానే నిద్రపోతాయి మరి. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే గోడ మీదికి గురక వినబడేది. వెనక బెంచీలో కోతి అప్పలకొండ. వాడు బెంచీ మీద కూచున్న రోజు నేను చూళ్ళేదు. ఎప్పుడూ కిటికీలోనే, సగం లోపల, సగం బయట. వాడు కిటికీలో తలకిందులుగా వేలాడి మూతి వంకర తిప్పితే క్లాసు క్లాసంతా అటే చూసేది. మూడోది మూలన గుడ్లగూబ సన్యాసమ్మ. పగటి వెలుతురు దానికి గిట్టదు. పొద్దస్తమానం కళ్ళు గట్టిగా మూసుకుని కూచునేది.

ఒకసారి మేష్టారు డిప్పలోంచి, "ఇప్పుడు నేనేం చెప్పాను?" అని అడిగాడు.

క్లాసంతా ఆశగా హైమావతి వైపు చూసింది. హైమావతి కళ్ళార్పకుండా బోర్డు చూస్తోంది. మూలనుంచి సన్యాసమ్మ కళ్ళు తెరవకుండానే, "కప్ప గుండెకి మూడు గదులన్నారండి. అంతకుముందు తుమ్మారండి" అంది.

ఆ రోజు మేష్టారి తల బొటనవేలంత బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళింది. సంతోషపడ్డాడని నాకర్థమైంది.

జ్యేష్ఠం వెళ్ళి ఆషాఢం వస్తోందనగా ఆయన మూడో పాఠం మొదలుపెట్టాడు. పేరు 'వాగు పొంగే ముందు కనిపించే గుర్తులు'. "మొదటి గుర్తు. ఇక్కడ వాన లేకపోయినా వాగులో నీళ్ళు ఎర్రబడతాయి. అంటే పైన కొండల్లో కురుస్తున్నట్టు. అప్పుడిక ఆలోచించకుండా గుట్టెక్కెయ్యాలి. రెండో గుర్తు..." అంటూ ఉండగా హెడ్మాస్టరు శిఖామణి గారు కాగితం పట్టుకుని లోపలికొచ్చారు. అంతే, రెండో గుర్తు ఆగిపోయింది.

శిఖామణి గారు నెమలి. ఏ సమస్యొచ్చినా ముందు తోక విప్పుతారు, తర్వాత ఆలోచిస్తారు. ఆ రోజూ తోక విప్పే ఆ సర్క్యులర్ చదివారు. అడవిలో బడిపిల్లలకి చదువు మీద శ్రద్ధ తగ్గిపోతోందని పైవాళ్ళకి బెంగ పట్టుకుందట. అందుకని ఇన్‌స్పెక్టరు వచ్చి శ్రద్ధని కొలుస్తారట. కళ్ళు తెరిచి ఉంటే నలభై మార్కులు, తలలూపితే ముప్ఫై, చప్పట్లు కొడితే ముప్ఫై. మొత్తమ్మీద అరవై రావాలట. అర్థమైతే ఎన్ని మార్కులో ఎక్కడా రాయలేదు.

"అరవై మార్కులు రాకపోతే?" అన్నాడు కూర్మారావు.

"స్కూలు మూసేస్తారు. మిమ్మల్ని రేగులపాడు బదిలీ చేస్తారు."

రేగులపాడు తొమ్మిది గుట్టలవతల ఉంది. మేష్టారు కాసేపు డిప్పలో లెక్కేసుకున్నాడు.

"హెడ్మాస్టరు గారూ, నా నడకకి అది ఆరేళ్ళ దూరం. నాకు సర్వీసు నాలుగేళ్ళే ఉంది. నేను దారిలోనే రిటైరవుతాను."

"అందుకే కదా చెప్పేది, శ్రద్ధ ఉండాలని."

నాకు నిజంగా జాలేసింది. ఆయనకి ఆ బడి తప్ప ఇంకో ఇల్లు లేదు. డిప్ప ఉంది, కానీ డిప్పని ఇల్లనుకునేవాళ్ళకి ఎప్పుడైనా అందులో ఉండి చూడమనండి.

మర్నాటినుంచి మా స్కూల్లో శ్రద్ధ ప్రాక్టీసు మొదలైంది. లెక్కల పీరియడ్లో శ్రద్ధ, తెలుగు పీరియడ్లో శ్రద్ధ, ఆటల పీరియడ్లోనూ శ్రద్ధే. శిఖామణి గారు క్లాసు వెనక గోడకి ఆనుకుని నిలబడేవారు. ఆయన తోక విప్పితే పిల్లలందరూ తలలూపాలి. తోక దించితే చప్పట్లు కొట్టాలి. ముందు బోర్డు దగ్గర ఎవరేం చెబుతున్నారన్నది పట్టించుకోనక్కర్లేదు. వెనక్కి తిరక్కుండా తోక ఎలా కనబడుతుందని ఒక దుప్పి పిల్ల అడిగితే, బోర్డు పక్కన ఒక అద్దం తగిలించారు.

పిల్లలు చురుకైనవాళ్ళే. పది రోజుల్లో నేర్చేసుకున్నారు. "భూమి చదరంగా ఉంటుంది" అన్నా తలలూపేవాళ్ళు. "మీరంతా ఫెయిలయ్యారు" అన్నా చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను గోడ మీద బిత్తరపోయి చూస్తూండేవాణ్ణి.

"మూడో పాఠం సగంలో ఉందండీ. వానలొస్తున్నాయి" అని మేష్టారు రెండుసార్లు గుర్తు చేశాడు.

"ముందు శ్రద్ధ ఉందని తేలనివ్వండి. తేలాక కావలసినన్ని పాఠాలు చెప్పుకుందురుగాని" అన్నారు శిఖామణి గారు.

ఇద్దరితోనే ఇబ్బంది వచ్చింది. అప్పలకొండ అద్దంలోకి చూడమంటే తన మొహం చూసుకుని నవ్వేవాడు. సన్యాసమ్మ కళ్ళు తెరవలేకపోయేది. తెరిస్తే నీళ్ళు కారిపోయేవి. ఇన్‌స్పెక్షన్ ముందు రోజు శిఖామణి గారు ఆ ఇద్దర్నీ పిలిచి, "రేపు మీరు రానక్కర్లేదు" అన్నారు. ఇన్‌స్పెక్షన్‌కి కొంతమంది పిల్లల్ని ఇంట్లో ఉండమనడం మా స్కూల్లో ఎప్పట్నుంచో ఉన్నదే.

అప్పలకొండ ఎగిరి గంతేశాడు. సన్యాసమ్మ మాత్రం కదల్లేదు.

"నేను వింటానండి. రోజూ వింటున్నానండి" అంది.

"వింటే చాలదమ్మా, వింటున్నట్టు కనబడాలి" అన్నారు శిఖామణి గారు.

అది మేష్టారి వైపు తిరిగింది. కళ్ళు మూసుకునే ఉంది, కానీ ఆయన ఎటున్నాడో దానికి తెలుసు. "మేష్టారూ, మీరు చెప్పండి" అంది.

కూర్మారావుకి తొమ్మిది గుట్టలు గుర్తొచ్చుంటాయి. తల లోపలికి లాక్కున్నాడు. ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఆయన మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

మర్నాడు ఆకాశం నిర్మలంగా ఉంది. ఇన్‌స్పెక్టరు బకేశ్వరరావు గారు రెండు గంటలు ఆలస్యంగా వేంచేశారు. ఆయన కొంగ. దారిలో వాగు దగ్గర కాస్త ఫలహారం చేసొచ్చారట, ముక్కు ఇంకా తడిగా ఉంది. కుర్చీ వేస్తే కూచోలేదు. ఒంటికాలి మీద నిలబడి, "మొదలుపెట్టండి" అన్నారు.

మేష్టారు డిప్పలోంచి కప్ప గుండె అందుకున్నాడు. శిఖామణి గారు తోక విప్పారు. అద్దం నిండా రంగులు. నలభై ఒక్కమంది పిల్లల్లో నలభై తలలు ఒక్కసారి ఊగాయి. హైమావతి తల ఊగలేదు, కానీ ఆమె కళ్ళు చూసి ఇన్‌స్పెక్టరు గారు కరిగిపోయారు. తోక దిగింది, చప్పట్లు మోగాయి.

"ఇంత శ్రద్ధ నేను నా సర్వీసులో చూడలేదు" అన్నారు బకేశ్వరరావు గారు.

సరిగ్గా అప్పుడే నా గొంతులో ఒక దోమ అడ్డుపడి టిక్ టిక్‌మన్నాను. బల్లి పలికింది కాబట్టి ఆ మాట నిజమేనని అందరూ లెంపలేసుకున్నారు. నా వల్ల జరిగిన తప్పుల్లో అదొకటి.

బయట ఏం జరిగిందో తర్వాత తెలిసింది. రావద్దన్నా ఆ ఇద్దరూ వచ్చి స్కూలు పక్కన మద్దిచెట్టెక్కి కూచున్నారు. అప్పలకొండ ఊరికే వాగు చూస్తూ, "ఒసే సన్యాసీ, నీళ్ళు భలే ఎర్రగా వస్తన్నాయే" అన్నాడట. చూశాడు గానీ, అంటే ఏమిటో వాడికి తెలీదు. వాడెప్పుడు విన్నాడు కనక? సన్యాసమ్మకి ఎరుపు కనబడదు, కానీ ఆ మాట చెవినపడగానే రెక్కలు టపటపలాడించింది.

"ఎర్రగానా? సరిగ్గా చూసి చెప్పు."

"ఇటికరాయి రంగే. నురగ కూడా ఉంది."

అది గుమ్మం దాకా తడుముకుంటూ ఎగిరొచ్చింది. "మేష్టారూ, మొదటి గుర్తండీ" అని అరిచింది. శిఖామణి గారు కంగారుగా రెక్కతో అదిలించి తలుపేసేశారు. "బయటి పిల్లలండి, మన పిల్లలు కారు" అని ఇన్‌స్పెక్టరు గారికి చెప్పారు.

కానీ మేష్టారు విన్నాడు. ముప్ఫై ఏళ్ళల్లో మొదటిసారి పాఠం మధ్యలో తల పూర్తిగా బయట పెట్టాడు. మెడ అంత పొడుగుంటుందని నాకప్పుడే తెలిసింది.

"పిల్లలూ, వాగు పొంగుతోంది. లేవండి. గుట్టెక్కండి" అన్నాడు.

శిఖామణి గారి గుండె జారిపోయింది. గుండె జారితే ఆయన చేసేది ఒకటే. తోక విప్పారు. నలభై తలలు శ్రద్ధగా ఊగాయి. ఒక్కడూ లేవలేదు.

"ఒరే, నిజంగా చెబుతున్నాను. పారిపోండిరా."

భయంతో శిఖామణి గారి తోక వాలిపోయింది. చప్పట్లు.

మేష్టారు ఆ పిల్లల మొహాల్లోకి చూశాడు. ఒక్కొక్కళ్ళనీ చూశాడు. నలభై జతల కళ్ళూ తెరుచుకునే ఉన్నాయి, ఆయన మాట మాత్రం ఒక్కరిలోకీ వెళ్ళడం లేదు. ఆయన కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "నా మాట వినండమ్మా" అన్నాడు. అప్పటికి తోక దేనికి విప్పాలో తెలియక శిఖామణి గారు మళ్ళీ విప్పారు. తలలూగాయి.

బకేశ్వరరావు గారు తన్మయులైపోయి తొంభై ఎనిమిది వేశారు. 'ఉపాధ్యాయుడు పారిపొమ్మన్నా కదలనంత శ్రద్ధ' అని పక్కన రాసుకున్నారు.

అప్పుడు కిటికీలో అప్పలకొండ కనిపించాడు. తలకిందులుగా. వాడికి బోధించడం రాదు, బతిమాలడం రాదు. వచ్చిందల్లా ఒకటే. మూతి కుడివైపుకి తిప్పి, కళ్ళు రెండూ ముక్కు మీదికి తెచ్చి, నాలిక చాపాడు.

ఏం చెప్పను, అద్దం వదిలేసి నలభై తలలూ కిటికీ వైపు తిరిగాయి. వాడి వెనక వాగు కనబడింది. గోడంత ఎత్తున, ఎర్రగా, చెట్ల మొదళ్ళని దొర్లించుకుంటూ వస్తోంది. ఆ తర్వాత ఎవరూ తోక కోసం చూడలేదు. బెంచీలు దూకి, తలుపు తోసుకుని, గుట్ట మీదికి పరుగు. శిఖామణి గారు అందరికన్నా ముందున్నారు.

నేను కూడా ప్రాణం ఉన్నవాణ్ణే కదా. అందినంత ఎత్తుకి దూకాను. అది ఇన్‌స్పెక్టరు గారి నెత్తి. బల్లి నెత్తిన పడితే ఏమవుతుందో మీకు తెలుసు, ఆయనకీ తెలుసు. కెవ్వున అరిచి గాల్లోకి లేచారు. పైనుంచి చూస్తే క్లాసులోకి నీళ్ళొచ్చేశాయి. ముందు బెంచీలో హైమావతి ఒక్కతే బోర్డు వైపు చూస్తూ కూచునుంది, గురక పెడుతూ.

కూర్మారావు వెళ్ళలేదు. నేల మీద ఆయన నడక మీకు తెలుసు. నీళ్ళల్లో ఆయన్ని చూసి ఉండరు. గిర్రున తిరిగి బెంచీ కిందికి వెళ్ళి, ఆ పిల్లని డిప్ప మీదికి తీసుకుని, తలుపులోంచి ఈదుకుంటూ బయటికొచ్చాడు. తల పైకెత్తుకునే ఉన్నాడు. ఒడ్డు చేరేసరికి వెనక గోడ కూలింది. పదకొండేళ్ళు నేనున్న గోడ.

గుట్ట మీద హైమావతికి మెలకువొచ్చింది. "గంట కొట్టేశారాండీ?" అంది.

పిల్లలందరూ దక్కారు. సన్యాసమ్మని అప్పలకొండ భుజాన మోసుకొచ్చాడు. మేష్టారు దాని దగ్గరకెళ్ళి, "నిన్న నేను మాట్లాడలేదమ్మా. తప్పు చేశాను" అన్నాడు. "వినబడిందండి" అంది ఆ పిల్ల. ఆయన నోరు విప్పనిది దానికెలా వినబడిందో నేనడగలేదు.

ఇక రిపోర్టు సంగతి. శాంతి చేయించుకోడానికి బకేశ్వరరావు గారు వారం సెలవు పెట్టారు. తర్వాత తీరిగ్గా రాశారు. తొంభై ఎనిమిది కొట్టేసి పన్నెండు వేశారు. 'పాఠం జరుగుతుండగా విద్యార్థులు నలభైమంది కిటికీ వైపు చూసిరి. చూడని విద్యార్థిని ఒక్కరే. వరద ఇన్‌స్పెక్షన్ పరిధిలోనికి రాదు.' పైనుంచి వరసగా ఆర్డర్లు వచ్చాయి. హైమావతికి ఉత్తమ శ్రద్ధా పతకం. క్లాసు దృష్టి మళ్ళించినందుకు అప్పలకొండకి నెల రోజుల బహిష్కారం. తోకతో శ్రద్ధ కలిగించే పద్ధతి కనిపెట్టినందుకు శిఖామణి గారికి ట్రైనింగ్ ఆఫీసరుగా ప్రమోషన్. కూర్మారావుకి రేగులపాడు బదిలీ.

స్కూలు మూసెయ్యాలనే అనుకున్నారు గానీ, వాగు ముందే మూసేసింది కాబట్టి కొత్తది కట్టారు. స్థలం మార్చడానికి ఆర్డరు లేదని అక్కడే, ఆ వాగు ఒడ్డునే. కిటికీ మాత్రం పెట్టలేదు.

మేష్టారు ఒక సోమవారం పొద్దున్న బదిలీ మీద బయల్దేరాడు. సాయంత్రానికి మద్దిచెట్టు దాటాడు. మంగళవారం పక్కనున్న పుట్ట దాటాడు. బుధవారం వెనక్కి తిరిగి చూస్తే అప్పలకొండ, వాడి భుజం మీద కళ్ళు మూసుకుని సన్యాసమ్మ. "రెండో గుర్తు చెప్పలేదండి" అంది.

ఆయన నడుస్తూ చెప్పాడు. నడవాలంటే తల బయట పెట్టక తప్పదు కదా, మాట స్పష్టంగా వచ్చింది. పిల్లల మొహాలు కనబడేసరికి మధ్యలో రెండు వేళాకోళాలు కూడా ఆడాడు. మర్నాడు దుప్పులొచ్చాయి. వారం తిరిగేసరికి కొత్త స్కూల్లో హాజరు పలికి నలభై మందీ ఇటే వచ్చేవారు. ఎదురుగా చీమల బారు కనబడితే చీమల పాఠం, పాము కుబుసం కనబడితే కుబుసం పాఠం. ఆయన రోజుకి పది బారలు నడుస్తాడు గనక సాయంత్రానికి ఎవరిళ్ళకి వాళ్ళు సులువుగా చేరుకుంటారు. హైమావతి కూడా వస్తుంది. నడుస్తూ నిద్రపోవడం దానికింకా రాలేదు.

నేనా? కొత్త స్కూలు చీకటిగదిలో దోమలు బాగానే ఉన్నాయి గానీ ఊసుపోలేదు. ఇప్పుడు మేష్టారి డిప్ప మీదే ఉంటున్నాను. నిన్నటికి మూడో పాఠం పూర్తయింది. ఈ ఏడు పాసవుతాననే అనుకుంటున్నాను.

ఈ కథలో నీతిని కొత్త స్కూలు గోడ మీద, మునుపు పాత స్కూలుకి కిటికీ ఉన్న వైపు, పెద్దక్షరాలతో రాయించారు: కిటికీ లేని క్లాసులోకి వరద రాదు.